కొలత తెలిసిన చేయి

కోట్ల వరుసల డేటాను క్లౌడ్‌లో నమిలే స్పార్క్ అప్లికేషన్‌కు మెమరీ పంచే ఇంజినీరు పని బయటికి కనిపించదు. అందుకే దాన్ని మనసారా మెచ్చుకోవాలి. 16 కోర్లు, 64 జీబీ ఉన్న యంత్రాన్నే తీసుకోండి. చేయి తిరిగినవారు దాన్నంతా ఒకే ఎగ్జిక్యూటర్‌కు, అంటే లెక్కలు నడిపే ఒకే ప్రాసెస్‌కు, కట్టబెట్టరు. ఒక కోరు, 4 జీబీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలి, మిగిలింది అయిదేసి కోర్ల చొప్పున మూడు ఎగ్జిక్యూటర్లకు పంచుతారు. ఒక్కోదానికి వచ్చే 20 జీబీలో 18 జావా హీపుకు, 2 హీపు బయటి అవసరాలకు. ఆ 18లోనూ స్పార్క్ 300 ఎంబీ పక్కన పెట్టి, మామూలు సెట్టింగులో మిగతాదాంట్లో 60 శాతమే, అంటే సుమారు 10.6 జీబీ, గణనకూ క్యాష్‌కూ ఉమ్మడిగా ఇస్తుంది. ఇంత లోతుకు దిగి చూడటమే ఈ పనితనం.

క్లౌడ్‌లో మెమరీకి కొదవేముంది, ఇంకో యంత్రం అద్దెకు తీసుకుంటే సరిపోదా అనొచ్చు. సరిపోదు. ఒకే కీ కింద డేటా పోగుపడి ఒక్క టాస్కే బరువెక్కితే, కొత్త యంత్రాలు ఖాళీగా కూర్చుంటాయి, బిల్లు మాత్రం పెరుగుతుంది. డైనమిక్ అలొకేషన్ ఉందిగా అంటే, అది ఎగ్జిక్యూటర్ల సంఖ్యను మారుస్తుంది గానీ ఒక్కోదాని కొలతను మార్చదు. నిపుణులు స్పార్క్ యూఐలో ఏ దశలో డేటా డిస్కుకు పొర్లుతోందో, ఏ టాస్క్ వెనకబడిందో చూసి ముందు పార్టిషన్లను, అంటే డేటా ముక్కలను, సరిచేస్తారు. తర్వాతే మెమరీ పెంచుతారు. రాత్రి మొదలైన లెక్క తెల్లారేసరికి తేలడం, చిన్న సంస్థ కూడా పెద్ద డేటాను భరించగలగడం ఈ ఓపిక పెట్టే భిక్షే.