'అండి' పట్టని చోట

డబ్బింగ్ మాటలు రాసేవాడిని చంపుకుతినేది పేజీ పొడుగు డైలాగు కాదు, ఒంటి ముక్క మాట. తెర మీద బాడీగార్డు "మూవ్!" అంటాడు. పెదాలు ఒకసారి కలిసి విడిపోతాయి, అంతే. "పద!" అని రాస్తే అచ్చంగా అతుకుతుంది, పకారానికీ పెదాలు కలవాల్సిందే కనక. కానీ అతనంటున్నది తను కాపలా కాసే పెద్దింటి అమ్మాయితో. "పదండి" అనాలి కదా! అలా రాస్తే అతని నోరు మూతపడ్డాక కూడా 'అండి' ఇంకా వినపడుతూనే ఉంటుంది.

మొన్న 'ఫస్ట్ డాటర్' చూస్తూ మళ్లీ ఈ గొడవలోనే పడ్డాను. 1999లో అమెరికాలో టీబీఎస్ ఛానల్ కోసం తీసిన సినిమా. సీక్రెట్ సర్వీస్ ఏజెంటుగా మేరియల్ హెమింగ్వే వేసింది. పొట్టి వాక్యాలకు పేరుపడ్డ ఎర్నెస్ట్ హెమింగ్వేకి మనవరాలు, పాత్రకు తగిన వంశమే! ప్రెసిడెంటు కూతుర్ని దుండగులు ఎత్తుకుపోతారు, ఈవిడ వెంటపడుతుంది. గొప్ప సినిమా ఏమీ కాదు గానీ, 2000లో ఒకటి, 2002లో ఒకటి దానికి కొనసాగింపులు వచ్చాయి. దీనికి తెలుగు మాటలు రాసింది నేను కాదు. అయినా చెయ్యి ఊరుకోదు, మనసులో రాసుకుంటూనే చూస్తాను.

టీవీ కోసం తీసినవాటిలో ప్రకటనల వేళకి ఏదో ప్రమాదం ముంచుకొచ్చి తెర నల్లబడుతుంది. మన ఛానళ్లు ప్రకటనలు ఇంకెక్కడో వేసుకుంటాయి కాబట్టి మనకి ఆ చీకటి క్షణంలో వచ్చి పోతుంది. ఆ చీకటికి ముందు మాట నీరసపడితే మొత్తం సీనే పోయినట్టు.

1950లో డబ్బింగ్ సినిమా 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలు రాసిన నాటి నుంచీ ఈ పెదాల లెక్క తప్పలేదు. 'అంగరక్షకుడు' అనే మాటే తీసుకోండి. అందులో పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. క్లోజప్‌లో 'బాడీగార్డ్' అంటున్న నోటికి దాన్ని తగిలిస్తే మూసుకున్న పెదాల్లోంచి 'అం' వస్తుంది. నటుడు మనకి వీపు తిప్పినప్పుడే ఆ మాట వాడుకుంటాను.

కిందటేడు ఒక బాడీగార్డు సినిమాకి రాశాను. పేరు అనవసరం. మైకు ముందున్న కుర్రాడు ఆగిపోయాడు.

"సార్, ఇందాకటిదాకా 'మీరు' అన్నాను కదా. ఇప్పుడు 'పద' అంటే ఆ అమ్మాయికి కోపం రాదూ?"

"తూటా వస్తోంది నాయనా. కోపం తర్వాత."

"పోనీ 'కిందికి!' అంటే? అందులో మీరూ లేదు, నువ్వూ లేదు."

బుర్ర ఉన్నవాడే. 'గెట్ డౌన్' దగ్గర అదే పెట్టాం. 'మూవ్' దగ్గర మాత్రం 'పద' ఉంచాను.

అసలు చిక్కు తూటాలు ఆగాక వచ్చింది. ఇద్దరూ కార్లో కూర్చున్నారు. ఇప్పుడు ఎవరు ఎవర్ని ఏమనాలి? ఇంగ్లీషులో ఇద్దరికీ అదే 'యూ', దాన్నడిగితే ఏమీ చెప్పదు. అతన్ని తిరిగి 'మీరు'లోకి తెచ్చేశాను, ఉద్యోగం కదా. మొదటి రీలు నుంచీ అతన్ని 'నువ్వు' అంటూ వచ్చిన ఆ అమ్మాయి చేత మాత్రం, అక్కడ మొదటిసారి, "మీకు దెబ్బ తగిలిందా?" అనిపించాను.

ఒరిజినల్‌లో ఆ మార్పు లేదు. ఛానల్ వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అలాగే ప్రసారమైంది.