గులకరాయి, బారోమీటరు

‘పార్శ్వ చింతన’ను ప్రచారంలోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ డి బోనో. 1967లో లండనులో వెలువడిన ఆయన గ్రంథం ఒక కథతో ఆరంభమవుతుంది. అప్పులపాలైన వర్తకుని కుమార్తెపై వడ్డీవ్యాపారి కన్ను పడింది. సంచిలో తెల్ల గులకరాయి ఒకటి, నల్లది ఒకటి వేస్తాననీ, ఆమె తెల్లది తీస్తే అప్పు రద్దనీ, నల్లది తీస్తే అప్పు రద్దయినా తనను పెండ్లాడవలెననీ అన్నాడు. తీరా రెండూ నల్లవే వేశాడు. అది గమనించిన ఆమె ఒక రాయి తీసి, ఎవరూ చూడకముందే దారిలోని రాళ్ళలో జారవిడిచి, సంచిలో మిగిలినదాన్ని చూడమన్నది.

కథ చక్కనిదే. తీసే రాయినుండి మిగిలే రాయికి దృష్టి మళ్ళటమే ఇందులోని మెలకువ. అయితే మిగిలినది నల్లది కనుక తీసినది తెల్లదే కావలెననటం అచ్చమైన వరుస తర్కం. అది లేనిదే ఆమె నెగ్గదు. రెండు పద్ధతులూ ఒకదానికొకటి తోడని డి బోనో కూడ చెప్పాడు. తరగతిలో పొడుపులు వేసేవారు చాలమంది ఈ రెండవ సగాన్ని వదిలివేస్తున్నారు. పదవ అంతస్తువాడు లిఫ్టులో ఏడవదాకా పోయి, అక్కడనుండి మెట్లెక్కుతాడు, ఎందుకు? పొట్టివాడు, పై మీట అందదు. వ్యాయామం కోసమని బాలుడంటే తప్పంటారు. ఎందుకు తప్పో చెప్పరు! ఇది సృజన కాదు, అచ్చువేసిన జవాబును ఊహించటం.

ఇంతకంటె మేలైన అభ్యాసం భౌతికశాస్త్రంలోనే ఉన్నది. బారోమీటరుతో భవనం ఎత్తు కనుగొనమంటే ఒక విద్యార్థి పాఠం జవాబు తప్ప అన్నీ చెప్పిన కథను అలెగ్జాండర్ కలాండ్రా 1968లో ప్రకటించాడు. (దానిని నీల్స్ బోర్‌కు అంటగట్టటం తర్వాతివారి పని.) నవ్వి ఊరుకోక, ఆ జవాబులను లెక్కకు పెట్టవలె. భవనం 20 మీటర్లనుకుందాం. సుమారు 11 మీటర్లు ఎక్కితే పాదరసం 1 మిల్లీమీటరు దిగుతుంది. కనుక చదవటంలో అర మిల్లీమీటరు తప్పితే ఎత్తులో 5 మీటర్లకు పైగా దోషం. బారోమీటరును పైనుండి వదిలితే నేలను తాకటానికి 2 సెకండ్లు. కాలంలో పదోవంతు సెకండు పొరపాటుకు 2 మీటర్లు, పైగా పరికరం ముక్కలు. మీటరు పొడవు బారోమీటరుకు మీటరు నీడ పడేవేళ, ఆ నీడ కొలతలో 1 సెంటీమీటరు తప్పినా దోషం 20 సెంటీమీటర్లే.

పుస్తకం మెచ్చిన జవాబే అన్నిటికంటె నాసి అని తేలింది. మబ్బుపట్టిననాడు ఏ పద్ధతి వాడవలెనో తరగతే తేల్చుకోవలె.