వంగిన పర్వతాలకు శిలల సాక్ష్యం

విల్లువలె వంగిన పర్వతశ్రేణులు అనేకం మొదట తిన్నగా ఉండి, తరువాత వంగినవని టాస్మేనియా ఆచార్యుడు కేరీ 1955లో ప్రతిపాదించి, వాటికి 'ఓరోక్లైను' అని పేరు పెట్టాడు. ప్రశ్న గొప్పది, కాని ఆధారం ప్రధానంగా పటంలోని ఆకారమే. పుట్టుకతోనే వంగిన శ్రేణి కూడ పటంలో అట్లే కనిపిస్తుంది గదా!

ఈ లోటును శిలల అయస్కాంతత్వం తీర్చింది. శిలలోని ఇనుప ఖనిజాలు నాటి భూమి అయస్కాంత దిశను భద్రపరుస్తవి. వంపు వెంట ఆ దిశలు కూడ తిరిగి ఉంటే వంపు తరువాత వచ్చినది; తిరగకుంటే అప్పటికే ఉన్నది. ఉత్తర స్పెయిన్‌లోని కాంటాబ్రియన్ వంపులో దిశలు తిరిగి ఉన్నవి. అక్కడ కేరీ ఊహ నిలిచింది.

ఐతే ఒక హెచ్చరిక. అక్కడి సున్నపురాళ్ల అయస్కాంతత్వంలో అధికభాగం రాళ్లు పుట్టిననాటిది కాదు, తరువాత అంటినది. అది ఎప్పుడు అంటినదో తేల్చనిదే తీర్పు చెప్పరాదు. కనుక "వంగిన పర్వతాలన్నీ తరువాత వంగినవే" అని బోధింపక, ప్రతి వంపుకూ సాక్ష్యం అడగడం విద్యార్థులకు నేర్పవలెను.