జిమ్మీ డగ్లస్ గోల్‌కీపింగ్: ఒక అంచనా

ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆట ముగించిన మొట్టమొదటి గోల్‌కీపర్ అమెరికాకు చెందిన జిమ్మీ డగ్లస్. 1930 జూలై 13న ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో అమెరికా 3-0తో బెల్జియంను ఓడించినప్పుడు ఆయనకు ఈ ఘనత దక్కింది. ఫుట్‌బాల్‌ను సాకర్‌గా వ్యవహరించే అమెరికాలో ఈ ఆటకు బేస్‌బాల్‌కు దక్కిన ఆదరణ లేకపోయినా, 1898లో డగ్లస్ పుట్టిన న్యూజెర్సీలోని ఈస్ట్ నెవార్క్ పరిసరాలలో మాత్రం, దారపు మిల్లులలో పనికి స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కార్మికుల వల్ల అది అప్పటికే వేళ్లూనుకొని ఉంది. క్లార్క్ దారపు మిల్లు జట్టు 1885లోనే అమెరికన్ కప్ గెలుచుకుంది.

డగ్లస్ నైపుణ్యం విలువ తెలియాలంటే ఆనాటి గోల్‌కీపర్ ఎదుర్కొన్న పరిస్థితులు తెలియాలి. 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల గోల్ కొలతలు నేటికీ అవే అయినా, ఆనాటి తోలు బంతి వానలో నీరు పీల్చుకొని బరువెక్కేది. పెనాల్టీ ఏరియాలో, అంటే గోల్ ముందు 18 గజాల దూరం వరకు గీసిన హద్దులో, మాత్రమే గోల్‌కీపర్ చేతులు వాడవచ్చునన్న నిబంధన 1912 నుంచి అమలులో ఉంది. ఆ హద్దులోనైనా బంతి పట్టుకొని ఉన్నవాడిని ప్రత్యర్థి భుజంతో ఢీకొనడం అప్పట్లో తప్పు కాదు. అందువల్ల బంతిని గుండెకు అదుముకోవాలా, పిడికిలితో దూరంగా కొట్టాలా అన్నది క్షణంలో తేల్చుకోవడం, పట్టిన బంతిని వెంటనే వదిలించుకోవడం ఈ విద్యలో ప్రధానాంశాలయ్యాయి. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలి, పాస్ అందుకునే ఆటగాడికి ముందు ముగ్గురికి బదులు ఇద్దరు ప్రత్యర్థులు ఉంటే చాలునని తేలడంతో దాడి చేసేవారికి వెసులుబాటు, గోల్‌కీపర్‌కు భారం పెరిగాయి.

డగ్లస్ ఈ మార్పుకు రెండు వైపులా ఆడారు. జీతం తీసుకోకుండా ఆడే ఔత్సాహికులకే ప్రవేశమున్న 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఎస్టోనియాపై 1-0 విజయంలో ఆయన గోల్ ఇవ్వలేదు. తర్వాతి ఆటలో, చివరకు స్వర్ణం సాధించిన ఉరుగ్వే చేతిలో అమెరికా 0-3తో ఓడింది. అనంతరం ఆయన వృత్తి క్రీడాకారుడిగా న్యూయార్క్ నేషనల్స్ వంటి జట్లకు ఆడారు.

1930 ప్రపంచ కప్‌లో బెల్జియం తర్వాత పరాగ్వే కూడా 0-3తో ఓడగా, జూలై 26న జరిగిన సెమీఫైనల్‌లో అర్జెంటీనా 6-1తో అమెరికాపై గెలిచింది. అయితే ఆ ఆట మొదట్లోనే డగ్లస్ కాలికి గాయమైంది, సహచరుడు రాఫెల్ ట్రేసీ కాలు విరిగింది; గాయపడినవారి స్థానంలో మరొకరిని దింపే నిబంధన అప్పట్లో లేదు. అయినా సగం ఆట ముగిసేసరికి అర్జెంటీనాకు దక్కినది ఒకే ఒక్క గోల్. కనుక ఆరు గోల్స్ అన్న అంకెను పట్టుకొని డగ్లస్‌ను తూచడం న్యాయం కాదు. నిబంధనలు రక్షణ ఇవ్వని కాలంలో, ప్రపంచ కప్‌లో వరుసగా రెండు ఆటలలో గోల్ ఇవ్వని ఆయన తొలితరం గోల్‌కీపర్లలో అగ్రశ్రేణికి చెందుతారు.