రన్‌వే లెక్క, గడప లెక్క

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశంలో దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు 4 గంటలు. అదే శంషాబాద్ నుంచి నాందేడ్‌కు దాదాపు 245 కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. దూరం పదింతలైనా సమయం నాలుగింతలు కూడా కాలేదు. రన్‌వే దాకా కదలడం, పైకెక్కడం, కిందికి దిగడం ఎంత చిన్న ప్రయాణానికైనా తప్పవు. నాందేడ్ విమానానికి ఆ గంటలో ఎక్కువ భాగం వాటికే పోతుంది.

ఇది రన్‌వే నుంచి రన్‌వేకు వేసిన లెక్క. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే మన కందకుర్తి నుంచి చూస్తే ఈ రెండు ప్రయాణాల లెక్కలూ తారుమారవుతాయి.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద నాందేడ్–హైదరాబాద్ ట్రూజెట్ విమానం మొదలైంది. మనకు శంషాబాద్ కన్నా నాందేడే చాలా దగ్గర. కానీ హైదరాబాద్ పోవాల్సినవాడు ముందు దానికి వీపు తిప్పి, మంజీర దాటి, బిలోలి దారిలో రెండు గంటలు పోవాల్సి వచ్చేది. అక్కడ గంట ముందు ఉండాల్సి వచ్చేది. గాలిలో గంటా పది నిమిషాలు, దిగి సామాను అందుకునేసరికి ఇంకో అరగంట. మొత్తం ఐదు గంటలకు దగ్గర. నిజామాబాద్, కామారెడ్డి మీదుగా కారులో పోయినా శంషాబాద్‌కు ఇంచుమించు అంతే. ఆ విమానం మేలు చేసింది నాందేడ్ వాళ్లకు, మనకు కాదు.

దుబాయ్ ప్రయాణం వేరు. టికెట్ మీద నాలుగు గంటలే ఉంటుంది. కానీ తాడు బిగించి, మార్కర్‌తో పేరు రాసిన సూట్‌కేసు అర్ధరాత్రే బండెక్కుతుంది. రోడ్డు మీద ఐదు గంటలు, ఎయిర్‌పోర్ట్‌లో మూడు, గాలిలో నాలుగు, అవతల ఇమిగ్రేషన్ వరుసలో గంట. పదమూడింటిలో ఎగిరింది నాలుగే. అయినా ఈ విమానానికే నా ఓటు, ఎందుకంటే అంత దూరానికి మరో దారి లేదు. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కనుక సాధారణంగా అరగంట దాకా కలిసొస్తుంది. గడియారం మాత్రం గంటన్నర ముందుకు జరుగుతుంది.

దూరాన్ని ఇంటి నుంచి కొలవడం చెరుకు రైతుకు తెలిసిన పనే. 2015 చివర్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోవాల్సి వచ్చింది. కోసిన గడ ఎంత ఆలస్యమైతే కాంటా మీద అంత తేలిపోతుంది.

జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం ప్రతిపాదన గురించి మాట్లాడే నాయకులు కూడా ఇంటి నుంచి వేసే ఈ కొలతే పట్టుకోవాలి. ఈలోగా దుబాయ్ పోయే తమ్ముళ్లకు ఒక మాట: ఉదయం 10 గంటల విమానమైతే కందకుర్తిలో రాత్రి 2 గంటలకే బయల్దేరండి.