పోలికయు, వాదమును

ఇద్దరు ఆంగ్లేయులు తేనీరు త్రాగుచు ముచ్చటించుచుందురు. పొగాకు ప్రసక్తి వచ్చును. "మా తాత దినమునకు ఇరువది సిగరెట్టులు కాల్చి తొంబది యేండ్లు బ్రదికెను. పొగాకు చెరుపు చేయుననుట ఒట్టిమాట" అని ఒకడనును. "కన్నులకు గంతలు కట్టుకొని వీధి దాటినవాడొకడు క్షేమముగా ఆవలి ప్రక్కకు చేరెను గనుక గంతలవలన అపాయము లేదన్నట్లున్నది నీ మాట" అని రెండవవాడు బదులు చెప్పును. మొదటివాని ముఖము ఎఱ్ఱబడును. "మా తాతను గంతలు కట్టుకొన్న మూర్ఖునితో పోల్చుచున్నావా?" అని అడుగును. అంతటితో పొగాకు మాట మరుగునపడి, తాతగారి మర్యాదను గూర్చిన కలహము ఆరంభమగును.

ఆంగ్లము వాడుకగా నున్న దేశములలో ఇట్టి కలహములు నిత్యకృత్యములు. ఆంగ్లమున వాదించుకొను భారతీయుల సభలలోను ఇవి తక్కువగా లేవు. తప్పెవరిదని విచారించినచో, రెండవవాడు తాతగారిని ఎవరితోను పోల్చలేదని తేలును. అతడు పోల్చినది ఒక అనుమానమును మరియొక అనుమానముతో. అనుమానమనగా ఇచట వాడుకలోని సందేహము కాదు. హేతువునుండి నిర్ణయమునకు సాగు బుద్ధివ్యాపారము. ఒకడు ప్రమాదమును తప్పించుకొనెను, కావున ప్రమాదమే లేదు: ఈ నడక రెండింటను సమానము. తాతకును బాటసారికిని పోలిక ఉండనక్కరలేదు. వారిరువురకు ఎంత దూరమున్న అంత మేలు. ఏలన, గంతల కథలోని అసంబద్ధత ఎవరికైనను వెంటనే కనబడవలెను. అచట స్పష్టముగా కనబడు దోషమును, ఇచట మరుగుపడియున్న దోషమునకు గురుతుగా చూపుటయే ఆ పోలిక చేయు పని.

ఈ రీతి వాదమునకు తెలుగున ఒక పేరు పెట్టుటయు కష్టమే. సామ్యవాదమందమన్న, ఆ మాటను రాజకీయములవారు ముందే స్వాధీనము చేసికొనిరి.

ఆంగ్లేయుల వాడుకలో దీనికి పెక్కు పలుకుబళ్లు కలవు. "దట్ ఈజ్ లైక్ సేయింగ్" అని మొదలిడువాడు ఎదుటివానికి అద్దము పట్టుచున్నాడు. "బై దట్ లాజిక్" అనువాడు కొంచెము కఠినుడు. నీ తర్కమునే పట్టుకొని పోయిన ఎచట తేలుదువో చూడుమని అతని భావము. "నో డిఫరెంట్ ఫ్రమ్" అనువాడు మాత్రము తరచుగా హద్దు మీరును. ఒక అంశమున పోలిన వస్తువులను సర్వాంశముల ఒకటిగా ప్రకటించును. అతనిని నమ్మరాదు. వీనిలో సాహిత్యమునకెక్కి చిరకాలము నిలిచినది "యూ మైట్ ఆజ్ వెల్ సే" అను పలుకుబడి.

లూయీ కారల్ అను కలముపేరుతో 1865లో ఆలిస్ కథను ప్రకటించిన చార్లెస్ డాడ్జ్‌సన్ ఆక్స్‌ఫర్డులో గణితము బోధించినవాడు. తర్కముపైనను గ్రంథములు రచించెను. ఆ కథలోని పిచ్చి తేనీటి విందును పిల్లల వినోదమని దాటిపోవుట పొరపాటు. మనసునగలదానిని చెప్పుటయు, చెప్పినది మనసున గలిగియుండుటయు ఒక్కటేయని ఆలిస్ తొందరపడి పలుకును. టోపీలవాడును, మార్చి కుందేలును, డార్‌మౌసు అను నిద్రమొగము చిట్టెలుకయు ఒకరి తరువాత ఒకరు ఈ పలుకుబడితోనే ఆమెకు బదులిత్తురు. ప్రతివారును ఒక వాక్యమును తిరుగవేసి, తిరుగవేసినంతనే అర్థము మారిపోవుటను చూపుదురు. బాలికను వారు నిందింపలేదు. ఆమె వాక్యము నడచిన త్రోవను మాత్రము వేరొకచోట నడిపించి చూపిరి. మూడవ ఉదాహరణము చిట్టెలుకది. ఊపిరికిని నిద్రకును సంబంధించినది. ఎల్లప్పుడును నిద్రించు ఆ ప్రాణికి మాత్రము రెండును నిజముగా ఒక్కటేయని టోపీలవాడు ఎత్తిపొడుచును. నవ్వు పుట్టించు ఈ ఎత్తిపొడుపులో సునిశితమైన విమర్శ కలదు. వాక్యముల ఆకారము ఒకటైనను, వస్తుస్థితి వేరైనచోట పోలిక గురి తప్పును. పోలికతో ఖండించువాడు ఆకారమును చూపి విరమించిన చాలదు. తన ఉదాహరణమున దోషమునకు కారణమైనదే ఎదుటివాని వాదమునను కలదని నిరూపింపవలెను. తాతగారి కథలో ఆ కారణము స్పష్టము: బ్రదికినవానిని చూచి, బ్రదుకనివారిని లెక్కింపకుండుట.

తెలుగు పాఠకునికి ఈ రీతి పరాయిదిగా తోచుటకు అలంకారశాస్త్ర సంస్కారము కొంత కారణము. ఉపమయందు ఉపమానము తన గుణమును ఉపమేయమునకు ఎరువిచ్చును. రాజును సింహముతో పోల్చిన మెప్పు; నక్కతో పోల్చిన తిట్టు. ఈ శిక్షణ పొందిన చెవికి "వలె" అని వినబడగానే మెప్పో తిట్టో ఒకటి జరిగినట్లే తోచును. కాని పల్లెల తెలుగు ఆంగ్లేయుల పద్ధతిని చక్కగా ఎరుగును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు అని సామెత వేసిన ముసలమ్మ, ఎదుటివానికి పెండ్లి కాలేదని అనుట లేదు. మొదలు కాని పనికి ఫలము పంచుకొను తొందరను చూపుచున్నది. తాడిచెట్టు ఎందుకెక్కితివన్న దూడగడ్డికొరకన్నట్లు అను సామెతయు అట్టిదే. అడిగిన ప్రశ్నకు పొందని సాకులన్నిటికిని అది కొలమానము. ఆ సామెతల చివరనున్న "అన్నట్లు" ఆంగ్లపు "లైక్ సేయింగ్"కు మాటకు మాటగా సరిపోవును. భేదమొక్కటే: తెలుగువాడు ఊరంతయు ఎరిగిన సామెతను తెచ్చును, ఆంగ్లేయుడు అప్పటికప్పుడు ఒక సామెతను అల్లును. పాత సామెత పదిమందిని తాకి వచ్చినది గనుక దానివలన ఎదుటివాడు అంతగా నొచ్చుకొనడు. క్రొత్తది తనకొరకే అల్లినారని నొచ్చుకొనును.

అనువాదకులు ఈ "అన్నట్లు"ను మరచి, "లైక్" కనబడినచోటనెల్ల "వలె" అని వ్రాసినచో, ఆంగ్లపు వాదగ్రంథము తెలుగున నిష్కారణమైన తిట్లతో నిండినట్లు కనబడును. మూలరచయిత చేయని అవమానమునకు అతడు బాధ్యుడగును; అతడు చేసిన వాదము మాత్రము ఎవరికిని అందదు.

న్యాయశాస్త్రము పోలికలన్నిటికి ఒకే పీట వేయలేదు. ఆవును పోలియుండునది గవయమని అడవివానివలన విన్న పట్టణవాసి, అడవిలో ఆ మృగమును చూచి గుర్తించుట ఉపమానము. పొగయున్నచోట నిప్పుండునని చెప్పుచు వంటయింటిని చూపుట ఉదాహరణము. ఐదవయవముల అనుమానవాక్యమున అది మూడవది. ఎదుటివాడు మోపిన దోషము అతని పక్షమునను సమానముగా నున్నదని చూపుట ప్రతిబంది. ఆంగ్లేయుని "లైక్ సేయింగ్" ఈ ప్రతిబందికి దగ్గర చుట్టము. గౌతముని సూత్రములలో ఐదవ అధ్యాయమున అసదుత్తరములను జాతులను పేర ఇరువదినాలుగింటిని లెక్కించిరి. వానిలో మొదటిది సాధర్మ్యసమము. శబ్దము పుట్టినది గనుక కుండవలె అనిత్యమని ఒకడనగా, శబ్దము రూపము లేనిది గనుక ఆకాశమువలె నిత్యమని ప్రతివాది అనుట దానికొక ఉదాహరణము. పోలిక రెండువైపులను కలదు. కాని పుట్టినది నశించుననుటకు ఒక నియమము చూపబడినది. రూపము లేనిదెల్ల నిత్యమనుటకు నియమమేదియు చూపబడలేదు. వ్యాప్తి లేని పోలిక వాదమునకు ఆభరణము కావచ్చును, ఆధారము కాజాలదు.

ఆంగ్ల రాజకీయములలో ఇట్టి ఆభరణములు ఆధారములుగా చెలామణి అగుట కొత్త కాదు. దేశపు ఆదాయవ్యయములు ఇల్లాలి సంసారపు లెక్కవంటివని 1979లో బ్రిటను ప్రధానియైన మార్గరెట్ థాచర్ తరచుగా చెప్పెడిది. వినుటకు ఎంత ఇంపైన మాట! కాని ఇల్లాలు అంగడిలో తగ్గించిన ఖర్చు ఆమె భర్త జీతమును తగ్గింపదు. ప్రభుత్వము తగ్గించిన ఖర్చు పౌరులలో కొందరి జీతమే.

భారతదేశమున మిక్కిలి దూరము ప్రయాణించిన పోలిక మెకాలేది. 1835 ఫిబ్రవరి 2వ తేదీన అతడు విద్యను గూర్చి వ్రాసిన పత్రము ఆంగ్లమున వాదనాపటిమకు పెట్టినది పేరు. సంస్కృత వాఙ్మయమును గూర్చి అతడు పలికిన తిరస్కారపు మాటలను అందరును తలచుకొందురు. అందలి అసలు వాదము ఒక పోలికపై నిలిచినదని కొద్దిమందియే గమనింతురు. పదునైదవ శతాబ్ది చివరను, పదునారవ శతాబ్ది మొదటను ఆంగ్లేయులు తమ ద్వీపపు ప్రాత మాండలికములతో తృప్తిపడక గ్రీకు, లాటిను భాషల నాశ్రయించి వికసించిరి. మోర్, ఆస్కమ్ అనువారి కాలమున ఆ భాషలు ఇంగ్లండుకు ఎట్టివో, ఆంగ్లము భారతీయులకు అట్టిదని అతని వాదము. రష్యాను రెండవ సాక్షిగా పిలిచెను. ఆ సంవత్సరము మార్చి 7వ తేదీన గవర్నరు జనరల్ బెంటింకు ప్రభుత్వము అతని పక్షమునే నిర్ణయము చేసెను.

ఈ పోలికను కొట్టివేయుటకు దేశాభిమానము అక్కరలేదు. దానిని చివరవరకు నడిపించిన చాలును. గ్రీకు మాటలాడు ప్రభువులెవరును ఇంగ్లండును ఏలుచు ఆ భాషను ప్రవేశపెట్టలేదు. అది మొదటి భేదము, అందరికిని తెలిసినది. రెండవది మెకాలే పిలిచిన సాక్షి నోటనే కలదు. రోజర్ ఆస్కమ్ గ్రీకు పండితుడు. అయినను 1545లో విలువిద్యపై తాను రచించిన గ్రంథమును లాటినున గాక ఆంగ్లమున వ్రాసి, అట్లు వ్రాయుటకు కారణములు చెప్పుకొనెను. 1579లో నార్త్ ప్లూటార్కును ఆంగ్లీకరించెను. 1611లో హీబ్రూ, గ్రీకు మూలములనుండి బైబిలు అనువాదము వెలువడెను. ప్రాచీన భాషలు ఇంగ్లండుకు చేసిన మేలు ఆంగ్లము ద్వారముననే ప్రజలకు చేరినది. కావున పోలిక సరియైనదే అనుకొన్నను, దాని ఫలితము బడులలో తెలుగు, వంగము, మరాఠీ పీటలు పెరుగుట కావలెను. దేశభాషలను సంస్కరించు భారమును ఆంగ్లము చదివిన ఒక చిన్న తరగతికి విడిచిపెట్టవచ్చునని మెకాలే కూడ ఒక వాక్యమున అనకపోలేదు. పోలికలో ప్రధానమైనది అతని పత్రమున కొసరుగా మిగిలినది.

పోలికను పరీక్షించుటలో ఇంతకంటె మేలైన పాఠము గాంధీ రచనయందు దొరకును. 1909 నవంబరులో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు మరలుచు ఓడలో గుజరాతీలో వ్రాసిన 'హింద్ స్వరాజ్'ను 1910లో ఆయనయే ఆంగ్లమునకు మార్చెను. ఆ ఆంగ్లము అలంకారములు లేనిది, బజారున నలుగురు మాటలాడుకొనునంత సాదాది. పాఠకుడు, సంపాదకుడు అను ఇద్దరి సంభాషణగా అది నడచును. పశుబలమును గూర్చిన ప్రకరణమున పాఠకుడు, ఇంట దొంగ జొరబడిన వానిని వెడలగొట్టుటకు సాధనములను గూర్చి ఆలోచింతునా అని అడుగును. ఆంగ్లేయులు దొంగలు, దేశము ఇల్లు: పోలిక పూర్తియైనది, నిర్ణయము తనంత వచ్చినట్లున్నది. సంపాదకుడు పోలికను నిరాకరింపడు. బీజమునకు చెట్టునకు గల సంబంధమే సాధనమునకు ఫలమునకు గలదని చెప్పి, గడియారమును పెనగులాడి లాగుకొనుట, కొనుట, బ్రతిమాలి పొందుట అను మూడు త్రోవలు దానిని మూడు వేర్వేరు వస్తువులుగా మార్చునని చూపును. ఆపై దొంగ కడకు వచ్చును. ఆ దొంగ తండ్రియైనచో ఏమి చేయుదువు? ఎరిగినవాడైనచో? బలహీనుడైనచో? ఆయుధములు ధరించి వచ్చినవాడైనచో? దొంగ అను ఒక్క మాట క్రింద ఇంతమంది దాగియుండగా, ఆ మాట పేర ఒకే నిర్ణయము ఎట్లు వచ్చును?

అంతటితో పాఠకుడు ఊరకుండడు. నిప్పులో కాలు పెట్టబోవు బిడ్డను బలవంతముగనైనను ఆపవా అని మరల పోలిక తెచ్చును. ఇది మొదటిదానికంటె పదునైనది, బిడ్డను ఆపననువాడెవడు? ఇచటనే సంపాదకుని ప్రతిభ కనబడును. "బిడ్డతో ఆంగ్లేయుని పోల్చుదువా" అని అతడు కోపగింపడు. పోలికలో నిర్ణయమును మోయుచున్న కీలు ఏదియో వెదకును. బిడ్డను ఆపువాడు బిడ్డ మేలు కోరుచున్నాడు; ఆంగ్లేయునిపై ఆయుధమెత్తువాడు తన మేలు కోరుచున్నాడు. ఆ కీలు ఊడగానే పోలిక విడిపోవును. అయినను అతడు దానిని విడిచిపెట్టక, ఎదుటివాని పక్షముననే నిలిచి మరల కూర్చును: ఆంగ్లేయుల దుష్కృత్యమే నిప్పనుకొనుము, అజ్ఞానముచేత అందు దిగుచున్న ఆంగ్లేయుడే బిడ్డ అనుకొనుము. అట్లైన, చెడు చేయువాడెవడైనను ప్రతివానిని అట్లే కాపాడవలెను. కాపాడుటకై, బిడ్డ విషయమున వలెనే, నిన్ను నీవు అర్పించుకొనవలెను. పశుబలమును సమర్థించుటకై తెచ్చిన పోలిక ఆత్మత్యాగమును విధించి ముగిసినది.

తరువాతి ప్రకరణము మొదలగునప్పటికి పాఠకుడు మరియొక పోలికను తేడు. ఆత్మబలము జయించినదనుటకు చరిత్రలో నిదర్శనమేమైనను కలదా అని అడుగును.