ఇంకొకరు మోసే కథ

కథ రాసేవాళ్లను అలసట పెట్టేది రాయడం కంటే తేల్చుకోవడం. ఆస్తి పంపకానికి పుట్టింటికొచ్చిన అక్క చేతిలో సంచీతో బస్సు దిగిందా, వట్టి చేతులతో దిగిందా? మరదలు ఇచ్చిన మంచినీళ్లు తాగిందా, గ్లాసు అరుగు మీద పెట్టేసిందా? తాగితే ఒక కథ, తాగకపోతే ఇంకో కథ. పొద్దుట్నించీ ఇలాంటివి వరసగా తేల్చుకుంటూ కూర్చున్నాక, సాయంత్రం కూర వంకాయా బీరకాయా అని ఇంట్లో అడిగితే జవాబు చెప్పే ఓపిక మిగలదు.

అలాంటప్పుడు నిద్రపోదామంటే పట్టదు. నడకకు వెళితే అక్క కూడా నా పక్కనే నడిచొస్తుంది. నాకు మనుషులు కావాలి. వాళ్ల బతుకుల్లో ఏదో జరుగుతుండాలి. తర్వాత ఏం జరగాలో తేల్చే పూచీ మాత్రం నా మీద ఉండకూడదు. మంచి టీవీ సిరీస్ నాకిచ్చే విశ్రాంతి ఇదే. కథ నడుస్తూనే ఉంటుంది, దాని బరువు ఇంకెవరో మోస్తుంటారు.

"టీవీ ఎందుకమ్మా, ఆ గంటసేపూ ఏదైనా చదువుకోవచ్చు కదా" అన్నారొకసారి నేను ఎంతో గౌరవించే పెద్దాయన. ఆయనా కథకుడే. చదువుతాను, కానీ సొంత నవల సగంలో ఉన్నప్పుడు చదవడం నాకు విశ్రాంతి కాలేదు. మంచి తెలుగు వచనం చదివితే దాని నడక మర్నాటికల్లా నా వాక్యాల్లోకి వచ్చి కూర్చుంటుంది. తెలుగు సీరియల్ చూసినా అంతే, అందులోని మాట విరుపు మా అక్క నోట్లోంచి వినబడుతుంది. అందుకని రాస్తున్న రోజుల్లో, నా పాత్రల్లా ఒక్కరూ మాట్లాడని చోటికి వెళ్తాను. ఈమధ్య ఆ చోటు 1960ల న్యూయార్క్. మాడిసన్ అవెన్యూలో ఒక అడ్వర్టైజింగ్ ఆఫీసు. సిరీస్ పేరు 'మ్యాడ్ మెన్'.

అమెరికాలో ఏఎంసీ ఛానల్లో 2007 జులై నుంచి 2015 మే దాకా వచ్చింది. ఏడు సీజన్లు, 92 ఎపిసోడ్లు. దీన్ని సృష్టించిన మాథ్యూ వైనర్ ఒక కామెడీ సిరీస్‌లో రచయితగా ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు దీని మొదటి ఎపిసోడ్ రాసుకున్నాడు. ఆ స్క్రిప్టు చదివే డేవిడ్ చేజ్ అతన్ని 'ద సొప్రానోస్' రచయితల్లోకి తీసుకున్నాడు. 'మ్యాడ్ మెన్' మాత్రం తెరకెక్కడానికి ఏళ్లు పట్టింది. పగలంతా ఇంకొకరి కథకు పనిచేసి, మిగిలిన ఓపికతో తన కథ రాసుకున్న మనిషి చేతి పని ఇది. రచన ఎంత అలసట పెడుతుందో తెలిసినవాడు రాశాడని చూస్తుంటేనే తెలుస్తుంది.

ఐడియాలు అమ్ముకుని బతికేవాళ్ల కథ ఇది. జాన్ హామ్ వేసిన డాన్ డ్రేపర్, సెక్రటరీగా చేరి కాపీరైటర్‌గా ఎదిగిన పెగ్గీ ఓల్సన్ (ఎలిజబెత్ మాస్) ఇందులో ముఖ్యులు. పని నుంచి తప్పించుకొచ్చి మళ్లీ పని చేసేవాళ్లనే చూడటమేమిటని అడగొచ్చు. వాళ్లు పడే యాతన నేను గుర్తుపడతాను, దాన్ని తీర్చాల్సిన అవసరం నాకు లేదు. ఇంత హాయి నాకు ఇంకే వినోదంలోనూ దొరకలేదు.

నాలుగో సీజన్లో 'ద సూట్‌కేస్' అనే ఎపిసోడ్ ఉంది. 2010 సెప్టెంబర్‌లో ప్రసారమైంది. కథాకాలం 1965 మే 25, మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్ రెండోసారి తలపడిన రాత్రి. ఆఫీసంతా ఫైట్ చూడటానికి వెళ్లిపోతుంది. సామ్‌సొనైట్ సూట్‌కేసు ప్రకటనకు ఐడియా తట్టక డాన్, పెగ్గీ ఇద్దరే మిగులుతారు. ఆ రోజు పెగ్గీ పుట్టినరోజు. హోటల్లో ఇంటివాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తుంటారు. డాన్‌కు కాలిఫోర్నియాకు ఫోన్ చేయమని కబురొచ్చింది. చేస్తే వినాల్సింది చావు వార్తేనని తెలిసి అతను ఫోన్ ముట్టుకోడు. ఇద్దరూ అరుచుకుంటారు, ఏడుస్తారు, బయటికెళ్లి తింటారు, తాగుతారు. బార్‌లో రేడియోలో ఫైట్ వింటుంటే మొదటి రౌండ్లోనే అయిపోతుంది. సూట్‌కేసు సంగతి రాత్రంతా ఎక్కడికీ కదలదు. తెల్లవారాక డాన్ ఆ ఫోన్ చేస్తాడు, వినాల్సింది వింటాడు. ఆ తర్వాత పెగ్గీకి ఒక బొమ్మ చూపిస్తాడు. కింద పడిన లిస్టన్ మీద అలీ నిలబడిన ఫోటో పేపర్లో వచ్చింది కదా, ఆ భంగిమలోనే ఓడిన సూట్‌కేసు మీద గెలిచిన సూట్‌కేసు.

వాళ్లు వెళ్లకుండా మానుకున్న ఆటలోంచే వాళ్లకు కావలసింది వచ్చింది. ఆ సంగతి ఎపిసోడ్లో ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసరికి మా అక్క మంచినీళ్ల సంగతి నాకేమీ తేలలేదు. తేలాలని నేను అడగనూ లేదు. కానీ పేజీ మీద కోపం పోయింది.

మొదటి సీజన్లోనే డాన్ పెగ్గీకి చెబుతాడు, లోతుగా ఆలోచించు, తర్వాత మరిచిపో, ఐడియా దానంతటదే వస్తుందని. ఆ వృత్తిలో ఇది పాత మాటే. నిజంగా అడ్వర్టైజింగ్‌లో పేరు తెచ్చుకున్న జేమ్స్ వెబ్ యంగ్ 1940లో ఐడియాలు పుట్టే పద్ధతి గురించి చిన్న పుస్తకం వేశాడు. సరంజామా అంతా సేకరించి, తలలో బాగా నలగ్గొట్టాక, దాన్ని పూర్తిగా వదిలేసి సంగీతానికో సినిమాకో పొమ్మన్నాడు. కేసు మధ్యలో వాట్సన్‌ను కచేరీకి లాక్కెళ్లే షెర్లాక్ హోమ్స్‌ను తలుచుకున్నాడు. ఇక్కడ ముందు మాట ముఖ్యం. నలగ్గొట్టకుండా సిరీస్ ముందు కూర్చుంటే అది వాయిదా వేయడమే అవుతుంది. ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

అన్ని సిరీస్‌లూ విశ్రాంతికి పనికిరావు. హంతకుడెవరో పసిగట్టమనే థ్రిల్లర్లు నాకు పడవు. ఊహించడమూ తేల్చుకోవడమే కదా. బలహీనంగా రాసినవైతే మరీ కష్టం, మూడో సీను నుంచి నేనే దిద్దడం మొదలెడతాను. నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని చూడమని యువ రచయితలకు సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ చదువు మంచిదే, ఇంకో పూట చేసుకోవాలి. అలిసిపోయి వచ్చిన సాయంత్రం కూడా విద్యార్థిగా కూర్చోకూడదు.

ఎపిసోడ్ ఎలా ముగుస్తుందన్నది ఇంకా ముఖ్యం. 2012 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఒకటి అయిపోగానే తర్వాతిది తనంతట తానే మొదలవుతోంది. రాసేవాళ్లకు ఇది శత్రువు. విశ్రాంతికి ఒక అంచుండాలి. 2001లో మొదలైన 'అమృతం' మనలో చాలామందికి ఇంత ఇష్టం కావడానికి ఆ అంచు కూడా ఒక కారణమని నా నమ్మకం. ఆదివారం రాత్రి ఒక కథ పూర్తిగా అయిపోయేది. మళ్లీ వారం దాకా ఎవరి పని వాళ్లది. 'మ్యాడ్ మెన్' ఎపిసోడ్లు కూడా మనిషిని అంచున వేలాడదీయవు. ఏదో ఒక చూపు దగ్గర, ఒక గదిలో ఆగిపోతాయి. వచ్చేవారం ఏముందో చూపించే ముక్కల్లో కూడా వైనర్ కథ ఏమీ బయటపెట్టనిచ్చేవాడు కాదు. ఒక్క ఎపిసోడ్ చూసి లేచిపోవడం అందువల్లే నాకు సాధ్యమైంది.

చివరి ఎపిసోడ్లో డాన్ అన్నీ వదిలేసి, పసిఫిక్ తీరాన ఒక ఆశ్రమంలాంటి చోట కళ్లు మూసుకుని కూర్చుని నవ్వుతాడు. వెంటనే 1971 నాటి కోకాకోలా ప్రకటన, కొండ మీద దేశదేశాల యువతీయువకులు పాడేది, తెర మీదికి వస్తుంది. అది డాన్ చేశాడా లేదా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. చేశాడనే నేననుకుంటాను. అసలు ప్రకటన వెనక ఉన్నది మెకాన్ ఎరిక్సన్‌లో పనిచేసిన బిల్ బ్యాకర్. 1971 జనవరిలో పాట పని మీద లండన్ వెళ్తుంటే, పొగమంచు వల్ల విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కు మళ్లించారు. చిరాకుపడిన ప్రయాణికులే మర్నాడు విమానాశ్రయంలో కోక్ సీసాలు పట్టుకుని కబుర్లాడుకోవడం చూసి, ఆయన ఒక న్యాప్‌కిన్ మీద ఒక్క వాక్యం రాసుకున్నాడు.

ఆయన్ను పొగమంచు ఆపింది. నన్నెవరూ ఆపరు, సాయంత్రం నాకు నేనే ఆగాలి. 92 ఎపిసోడ్లూ అయిపోయాయి. తర్వాత ఏది చూడాలో ఎంచుకోబోతే అదీ ఒక తేల్చుకోవడమే అయింది. అందుకని మళ్లీ మొదటి నుంచీ పెట్టుకున్నాను. 1960 మార్చి, పెగ్గీ సెక్రటరీగా తొలిరోజు ఆఫీసుకొస్తోంది. ఆమెకు ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఈసారి ఊహించే పని కూడా లేదు.